తరవాణి నీళ్లలో కలిపిన టీకా

ఆ కోళ్లు తరవాణి తాగి చావలేదు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

భోగాపురం రోడ్డు దిగి లోపలికి వెళితే కోళ్ల షెడ్లున్న ఊళ్లు నాలుగైదు వస్తాయి. అక్కడ ఎవరినడిగినా ఒక కథ చెబుతారు. ఒకావిడ కంపెనీ మందులు మానేసి, ఇంట్లో పులియబెట్టిన గంజినీళ్లు పోసి, షెడ్డెడు కోళ్లను చంపుకుందని. చెప్పేవాళ్లెవరూ అబద్ధమాడుతున్నామని అనుకోరు. ఆ కథను వాళ్లకు మొదట చెప్పింది నేను.

అప్పట్లో నేను ఒక బ్రాయిలర్ కోళ్ల కంపెనీలో సూపర్‌వైజర్ని. కంపెనీ ఒక్కరోజు పిల్లల్ని తెచ్చి రైతు షెడ్డులో దింపుతుంది. మేతా మందులూ తనే ఇస్తుంది. రైతు నలభై రోజులు పెంచి అప్పగించాలి. రోజు విడిచి రోజు బండి మీద వెళ్లి కోళ్లను చూడడం, టీకాలు వేయించడం, షెడ్డు గుమ్మం దగ్గర మేకుకు వేలాడే కార్డులో రాయడం నా పని. బ్రాంచి రాజాంలో ఉండేది. మాదీ రాజామే, కిరాణా దుకాణం వాళ్లం. మా ఇంట్లోకి గుడ్డు కూడా రాదు. పదహారేళ్లు కోళ్ల మధ్య తిరిగినా కోడి రుచి నాకు తెలియదు. రైతులు దీన్ని పట్టుకుని నన్ను ఏడిపించేవారు. "మా షావుకారు కోడి నాడి పడతాడు గానీ కోడి ముక్క ముట్టడు" అని కొత్తగా వచ్చిన వాళ్లకు నన్ను పరిచయం చేసేవారు. నేనూ నవ్వేవాణ్ణి.

ఆవిడ షెడ్డు నా దారిలో అన్నిటికంటే చివరిది. ఆమెను నేను అప్పా అని పిలిచేవాణ్ణి. మా వైపు అక్కను అలాగే అంటాం. ఆమె నన్ను తమ్ముడూ అనేది, ఆమె భర్త నాకు బావ అయ్యాడు. వాళ్లది సముద్రం మీద బతికే ఇల్లు. బావ ఏటా ఎనిమిది తొమ్మిది నెలలు గుజరాత్ బోట్ల మీద పనికి పోయేవాడు. తీరం దగ్గర వాళ్లకున్న కాస్త జీడితోట విమానాశ్రయం కింద పోయినప్పుడు వచ్చిన డబ్బుతో లోపల కొద్దిగా మెట్ట కొని షెడ్డు కట్టారు. కట్టించింది ఆవిడే. మొదటిసారి నేను స్థలం చూడడానికి వెళ్లినప్పుడు ఆమె చెప్పిన మాట ఇది.

"షెడ్డుంటే మీ బావ ఇంటికాడుంటాడు తమ్ముడూ. నాకు అంతకన్నా లాభం అక్కర్లేదు."

బావ ఇంటి దగ్గరే ఉన్నాడు. పొద్దున్నే దగ్గరి తీరంలో చిన్న పడవ మీద పోయి వచ్చేవాడు, తర్వాత షెడ్డులో మేత మోసేవాడు. రెండేళ్లు అలా గడిచాయి.

మందుల సంగతి చెప్పాలి. పిల్లలు దిగిన రోజు బెల్లం నీళ్లు పోస్తాం. ఆ సాయంత్రం నుంచి యాంటీబయాటిక్ పొడి. మూడు రోజులకని మొదలైంది నేను చేరిన కొత్తలో. తర్వాత ఐదు రోజులయింది. తర్వాత మధ్యలో ఇంకో విడత వచ్చింది. రోగం వచ్చిందని కాదు, రాకుండా. నిజంగా రోగం వచ్చిన రోజున అదే పొడి పనిచేయకపోతే దాని పైది ఇచ్చేవాళ్లం. కంపెనీ శిక్షణలో ఒక డాక్టరు, ఇలా ఇస్తూ పోతే సూక్ష్మజీవులు మందుకు లొంగడం మానేస్తాయని గంటసేపు చెప్పాడు. మేం భోజనం చేసి వచ్చి యథాప్రకారం పొట్లాలు పంచాం.

ఒక వర్షాకాలంలో బావ అరచేతిలో జెల్ల చేప ముల్లు దిగింది. చెయ్యి వాచి మోచేతి దాకా ఎర్రబడింది. విజయనగరం ఆసుపత్రిలో ఒక మందు తర్వాత మరొకటి, మూడు మార్చారు. చేతికి ప్రమాదం తప్పింది గానీ రెండు వేళ్లు ముడుచుకోవడం మానేశాయి. నేను ఎప్పటిలాగే షెడ్డుకు వెళ్లేసరికి ఆవిడ ఆసుపత్రి మాత్రల అట్టా, నేనిచ్చిన కోడి మందు పొట్లమూ పక్కపక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమెకు ఇంగ్లీషు రాదు. అక్షరాల ఆకారం చూసి పోల్చింది.

"ఇది కోడి మందా, మడిసి మందా?"

రెండిటికీ అదేనన్నాను.

"రోగం లేని కోడికి రోజూ పోస్తన్నాం కదా. రోగానికి అలవాటైపోదేటి?"

నాకు శిక్షణలో గంటసేపు చెప్పిన సంగతి ఆమె ఒక్క మాటలో అడిగింది. బావ చేతికి మా పొడే కారణమని నేననను, అది ఎవరూ తేల్చలేరు. కానీ ఆమె ఆ రోజు తేల్చుకుంది. రాకుండా ఉండడానికని ఇచ్చే మందు ఇక తన షెడ్డులో పోయనంది. రోగమొస్తే సరే, అప్పుడు పోద్దాం.

మరేం పోస్తావని అడిగాను. ఎండుచేపకు ఉప్పూ పసుపూ రాస్తే పురుగు పట్టదు కదా అంది. తన అత్తకు ఎండాకాలం కడుపు చెడితే తరవాణి ఇస్తే కుదురుకుంటుంది కదా అంది. తరవాణి అంటే తెలియని వాళ్లు ఈ రోజుల్లో ఉంటారు కాబట్టి చెబుతున్నాను. అన్నం వార్చిన గంజీ, బియ్యం కడిగిన నీళ్లూ కుండలో పోసి రోజుల తరబడి పులియనిస్తారు. పైన తేరిన పుల్లటి నీళ్లే తరవాణి. ఆ కుండను ఖాళీ చేయరు, తీసినంత మళ్లీ పోస్తుంటారు. ఆవిడ ఇంట్లో అత్త కాపురానికి వచ్చిన నాటి కుండ ఉండేది.

నాకూ ఆశ పుట్టింది. మా దుకాణం నుంచి వాము, మిరియాలు, పసుపు సంచుల్లో పట్టుకెళ్లేవాణ్ణి. వెల్లుల్లి దంచి పసుపుతో మేతలో కలిపేది, తరవాణి నీళ్ల ట్యాంకులో పోసేది. ఎంత కలపాలో నేను ఎక్కడెక్కడో చదివి చెబితే ఆమె తన చేతి లెక్కతో సవరించేది. నాలుగు బ్యాచ్‌లు చక్కగా వచ్చాయి. చుట్టుపక్కల షెడ్ల కంటే తక్కువే చచ్చాయి. వెల్లుల్లి మహిమ అని నేననను. ఆమె షెడ్డులో కింద పరిచిన ఊక ఎప్పుడూ పొడిగా ఉండేది. రోజూ తిరగేసేది, తడిసిన చోట ఎత్తిపారేసేది, పరదాలు గాలిని బట్టి దించేది. మందు మీద ధీమా లేని మనిషి శుభ్రం మీద ధ్యాస పెడుతుంది. అదీ ఆ వెల్లుల్లిలో భాగమే.

కార్డులో మాత్రం మందు ఇచ్చినట్టే రాశాను. మందు ఇచ్చి తీరాలన్నది కంపెనీ నియమం. మిగిలిన పొట్లాలు షెడ్డు వెనక గొయ్యి తీసి పాతిపెట్టాం. ఈ సంగతి గుట్టుగా ఉండాలని ఆమెకు చెప్పాను. కానీ కోళ్లు బాగుంటే గుట్టు దాగదు. చుట్టుపక్కల రైతులు ఐదారుగురు వచ్చి ఆ కుండలోంచి తరవాణి తోడు పట్టుకుపోయారు, పాలకు తోడు పట్టుకెళ్లినట్టు.

ఇక ఐదో బ్యాచ్.

పద్నాలుగో రోజున, గంబోరో అనే కోళ్ల జబ్బు రాకుండా టీకా నీళ్లలో కలిపి తాగిస్తాం. అందులో ఉండేది ప్రాణమున్న వైరస్. పులుపూ ఘాటూ ఉన్న నీళ్లలో అది చచ్చిపోతుంది. అందుకని టీకా ముందు రోజూ, ఆ రోజూ, మరునాడూ మంచినీళ్లు తప్ప మరేమీ పోయకూడదు. ముందటి నాలుగు బ్యాచ్‌లకూ ముందు రోజు నేనే ఫోన్ చేసి, రేపు తరవాణి ఆపు అని చెప్పేవాణ్ణి. ఎందుకో ఎప్పుడూ విడమరచి చెప్పలేదు. ఆమె చెప్పినట్టు చేసేది.

ఈసారి ఫోన్ చేయడం మరచిపోయాను. ఆ మధ్యాహ్నం నరసన్నపేటలో మా తోడల్లుడి గృహప్రవేశం భోజనాలు ఉన్నాయి. నా బుర్రంతా అక్కడికి ఎన్నింటికి చేరతానన్న దాని మీదే ఉంది. మూడు షెడ్లలో టీకా వేసి నాలుగోదైన ఆమె షెడ్డుకు వచ్చేసరికి పది దాటింది. ఐసు డబ్బాలో ఐసు సగం నీరైంది. టీకా ఆత్రంగా తాగడానికని ఆమె అప్పటికే రెండు గంటలుగా నీళ్ల గిన్నెలు పైకి కట్టేసి ఉంచింది. పిల్లలు దాహంతో ఒకటే అరుపు.

నేను టీకా చావకుండా వేసే పాలపొడి బకెట్టులో కలుపుతుంటే ఆమె ట్యాంకు చూపించింది.

"తమ్ముడూ, నువ్వు ఫోన్ సెయ్యలేదని నిన్నా ఇయ్యాలా తరవాణి కలిపీసినాను. పర్లేదేటి?"

నేను ట్యాంకులోకి చూశాను. తెల్లగా ఉన్నాయి నీళ్లు, గంజి తెట్టు కొంచెం తేలుతోంది. ఖాళీ చేసి, కడిగి, మళ్లీ నింపాలి. కరెంటు లేదు, ఎప్పుడొస్తుందో తెలియదు. ఆమె నా ముఖం చూసి, అవతల చేతిపంపుందని, బిందెలతో తానే మోసి నింపేస్తానని అంది. గంటన్నర పట్టేది. మహా అయితే రెండు గంటలు.

"అక్కర్లేదప్పా. టీకాలో మనం పాలు కలుపుతాం కదా, ఇదీ అలాంటిదే. పోసెయ్."

తెల్లగా ఉందన్న పోలిక తప్ప నా దగ్గర ఆ మాటకు మరో ఆధారం లేదు. ఆ మాట అంటున్నప్పుడే అది తప్పని నాకు తెలుసు. తెలిసినా, ఏమో, కాస్త పులుపుకే చస్తుందా అని నాకు నేను చెప్పుకున్నాను. టీకా సీసాలు ఆ ట్యాంకులోనే విప్పాను. ఆమె గిన్నెలు దించింది, పిల్లలు మూగి తాగాయి. నేను పన్నెండున్నరకు నరసన్నపేటలో విస్తరి ముందు కూర్చున్నాను.

ఇరవై ఐదో రోజున ఫోన్ వచ్చింది. కోళ్లు ముడుచుకుని కూర్చుంటున్నాయని, వణుకుతున్నాయని, తెల్లటి నీళ్ల రెట్ట వేస్తున్నాయని చెప్పింది. నేను వెళ్లేసరికి షెడ్డు మూల చచ్చిన వాటి కుప్ప ఉంది. ఒకదాన్ని తీసుకుని కత్తెరతో కోశాను. తొడ కండల మీద రక్తపు చారలు. తోక లోపలి గ్రంథి ఉబ్బి ఉంది. మరొకటి కోశాను, అలాగే ఉంది. గంబోరో. అది వైరస్, దానికి ఏ యాంటీబయాటిక్ ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే. టీకా ఒక్కటే అడ్డు. ఆ రోజు అదే వ్యానులో దిగిన పిల్లలకు, అదే పెట్టెలోని టీకా మిగతా మూడు షెడ్లలో వేశాను. అక్కడ నీళ్లు మామూలు నీళ్లు. అక్కడ ఒక్క కోడి కూడా ముడుచుకోలేదు.

ఆవిడ నా పక్కనే గొంతుక్కూర్చుని కోసిన కోడిని చూస్తోంది.

"ఏటైంది తమ్ముడూ దానికి?"

"పేగు పాడైందప్పా. పులుపు పడలేదు."

నోటికి అదే వచ్చింది. చేతిలో కోడి తెరిచి ఉంది, తొడ మీద చారలు ఆమెకూ కనబడుతున్నాయి. వాటి అర్థం తెలిసింది నాకొక్కడికే. ఆమె లేచి వెళ్లి ట్యాంకు మూత తీసి వాసన చూసింది.

ఐదు రోజులపాటు చస్తూనే ఉన్నాయి. చివరికి మిగిలినవి గంపలకెత్తితే వ్యానులో ఒక మూలకు వచ్చాయి.

బ్రాంచిలో సంజాయిషీ అడిగారు. టీకా వేసింది నేను. కార్డులో మందులిచ్చినట్టు తప్పుగా రాసిందీ నేను. నిజం చెబితే రెండూ బయటపడతాయి, ఉద్యోగం పోతుంది. అప్పటికి మా పెద్దమ్మాయి ఇంజినీరింగు రెండో ఏడు. ఇది సాకుగా రాయడం లేదు, ఆ రోజు నా మనసులో ఉన్నది రాస్తున్నాను. రైతు నాకు తెలియకుండా మందులు పారబోసి, సొంత వైద్యం చేసిందని చెప్పాను. రాతపూర్వకంగా తెమ్మన్నారు. పాత కార్డు స్థానంలో పెట్టడానికి కొత్త కార్డు తీసుకుని వెళ్లాను. మందుల గడిలో అన్ని రోజులకూ 'రైతు ఇవ్వలేదు' అని రాసి ఆమె ముందు పెట్టి, సంతకం చేయమన్నాను. ఏమి రాసి ఉందో చదివి వినిపించాను కూడా.

"నిజవే కదా. నానే మానేసినాను" అని సంతకం పెట్టింది. తర్వాత, దీని వల్ల నీకేమీ మాట రాదు కదా తమ్ముడూ అని అడిగింది.

రాదన్నాను.

ఆ తర్వాత కంపెనీ ఆ షెడ్డుకు పిల్లలు దింపలేదు. తరవాణి తోడు పట్టుకెళ్లిన రైతులను కూర్చోబెట్టి, చూశారా మందు మానేస్తే ఏమైందో అని చెప్పమన్నారు. చెప్పాను. వాళ్లు ఇళ్లకు వెళ్లి కుండలు పారబోశారు. మర్నాడు ఒకరిద్దరు అడిగి మరీ రెండు పొట్లాలు ఎక్కువ పట్టుకెళ్లారు. బావ నాలుగు నెలలు చూసి, ఆ రెండు వేళ్లు వంగని చేత్తోనే మళ్లీ గుజరాత్ రైలెక్కాడు.

నేను ఇంకో మూడేళ్లు ఉద్యోగం చేశాను. మోకాళ్లు బండికి పనికిరాకుండా పోయాక మానేసి మా దుకాణంలో కూర్చున్నాను. ఆ దారిన మళ్లీ వెళ్లలేదు. వెళ్లాల్సిన పని లేకుండా చూసుకున్నాను.

పోయిన వేసవిలో ఒక కుర్ర రైతు సరుకులకు వచ్చాడు. కొత్తగా షెడ్డు కట్టాడట. పిల్లలు గురక పెడుతున్నాయని, కంపెనీ వాళ్లు మూడు మందులు మార్చినా తగ్గడం లేదని మాటల్లో చెప్పాడు. వామూ వెల్లుల్లీ సంగతి నేను ఎత్తాను. అతను నవ్వాడు.

"వద్దు మావా. భోగాపురం కాడ ఒక పల్లెకారావిడ తరవాణి పోసి సంపీసిందట కదా. దానికితోడు ఎండుసేపల ఉప్పునీళ్లూ పోసిందట."

ఉప్పునీళ్లు నేను చెప్పిన కథలో లేవు. ఎవరో కలిపారు. అతనికి సరుకు కట్టించి పంపేశాను. మర్నాడు బస్సెక్కి వెళ్లాను.

ఆవిడ ఇంటి ముందు చేపలు తోముతోంది. ఇప్పుడు తీరానికి పోయి చేపలు కొని ఊళ్లలో తిరిగి అమ్ముతోంది. షెడ్డు రేకులు సగం ఎగిరిపోయి ఉన్నాయి. నన్ను పోల్చి, పీట వేసి, మోకాలు ఎలా ఉందని అడిగింది. నేను కుంటడం చూసింది కాబోలు. నేను నీళ్లు కూడా తాగకుండా చెప్పేశాను. టీకా ఎందుకు చచ్చిందో, కోడిలో ఏం చూశానో, పేగు అని ఎందుకన్నానో. ఆమె చేతిలో పని ఆపలేదు.

"నాను అడిగినాను కదా తమ్ముడూ."

అడిగావన్నాను.

"బిందెలతో మోస్తానన్నాను."

అన్నావన్నాను.

ఆ తర్వాత ఆమె తిట్టలేదు. తిడుతుందని సిద్ధపడి వెళ్లాను, దానికి తగ్గట్టు తల వంచుకుని కూర్చున్నాను కూడా. ఆమె తన అత్త సంగతి చెప్పింది. కోళ్లు చచ్చిన ఏడాదే ఇంట్లో తరవాణి కుండను తానే బద్దలు కొట్టేసిందట. అత్త చివరి రోజుల్లో మంచం మీద నుంచి తరవాణి అడిగేదట. అన్ని కోళ్లను చంపిన నీళ్లు ముసలి ప్రాణానికి ఎలా పోస్తానని భయపడి ఈవిడ పోయలేదట. ఉత్త గంజి ఇచ్చి అదే తరవాణని చెబితే, అత్త చప్పరించి, ఇది కాదే అనేదట. అలా అడుగుతూనే పోయింది.

ఇది చెబుతున్నప్పుడు కూడా ఆమె గొంతు మారలేదు. కడిగిన చేపలు పళ్లెంలో సర్ది చేతులు కడుక్కుంది.

"నాకు కాదు నువ్వు సెప్పాల. మీ బావకి సెప్పు. ఏ దెబ్బలాటొచ్చినా ఆ తరవాణి మాటే తీస్తాడు. నీవల్లే నాను గుజరాత్‌లో పడున్నానంటాడు."

నంబరు తీసుకున్నాను. ఆ సాయంత్రం, ఆ ఊరి టీ కొట్టు దగ్గర పాత రైతులు నలుగురు కనబడితే వాళ్లకూ చెప్పాను. వాళ్లు శ్రద్ధగానే విన్నారు. అప్పుడు తోడు పట్టుకెళ్లిన వాళ్లలో ఒకాయన, ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఒక మాట, పోయాక ఒక మాటా అన్నాడు. ఇంకొకాయన, నువ్వు చెప్పేది నిజమే అయినా ఇప్పుడు తరవాణి ఎవరింట్లో ఉంది, అన్నం కుక్కర్లో వండుకుంటున్నాం, గంజెక్కడిది అన్నాడు. అందరూ నవ్వారు. తర్వాత కొత్త మందు ఒకటి వచ్చిందని, బాగా పనిచేస్తోందని వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నారు. ఎన్నాళ్లు పనిచేస్తుందో నాకు తెలుసు. మాట్లాడే హక్కు నాకు లేదు. టీ తాగి వచ్చేశాను.

బావ ఫోన్ పది రోజులు కలవలేదు. బోటు సముద్రంలో ఉంది. పదకొండో రోజున ఎత్తాడు. వెనక ఇంజిన్ల మోతా, ఐసు పగలగొడుతున్న చప్పుడూ. నేనెవరో చెబితే గుర్తుపట్టాడు, ఆప్యాయంగానే పలకరించాడు. నేను మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. మధ్యలో లైను పోయిందేమోనని రెండుసార్లు బావా, బావా అన్నాను. ఉన్నాను చెప్పు అన్నాడు.

"అయితే దానిది తప్పు లేదంటావు."

"లేదు బావా. అంతా నాదే."



"మరిప్పుడు ఆ షెడ్డుకి పిల్లల్ని దింపుతారేటి?"

నేను ఇప్పుడు కంపెనీలో లేనని చెప్పాను. ఉన్నా, ఇప్పుడు వాళ్లు పెద్ద పెద్ద ఫ్యాన్లు పెట్టిన మూసిన షెడ్లకే పిల్లలిస్తున్నారని, అలాంటి రేకుల షెడ్లు తీసుకోవడం లేదని చెప్పాను. ఆ షెడ్డు రేకులు ఎగిరిపోయిన సంగతి చెప్పలేదు.

"దింపరన్నమాట."

"దింపరు బావా."

"మరి నాకెందుకు సెప్తన్నావు" అన్నాడు. కోపంగా అనలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుగా అన్నాడు. అటు నుంచి ఎవరో హిందీలో కేకేశారు. ఐసు ఎక్కించాలి, ఉంటానని పెట్టేశాడు.

ఆ తర్వాత ఆయన ఆమెకు ఫోన్ చేశాడో లేదో, చేస్తే ఏమన్నాడో నాకు తెలియదు. ఆమెనడిగే ముఖం నాకు లేదు.